పొలం గట్టు మీద పొయ్యి

2016లో ఒక రాత్రి లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి ఆకలి మీద ఉన్నారు. వండిపెట్టే మనిషి లేదు. ఏదో ఒకటి మనమే చేసుకుందాం అని పొయ్యి వెలిగించి, పనిలో పనిగా కెమెరా కూడా పెట్టుకున్నారు. ఆ వీడియోను యూట్యూబులో పెడితే అనుకున్నదానికంటే ఎక్కువ మంది చూశారు. ఇట్లాంటి సరదాలు మామూలుగా వారం తిరిగేసరికి చప్పబడిపోతాయి. ఇదీ అంతే అయ్యుండేది. కానీ లక్ష్మణ్‌కు తన తాతమ్మ గుర్తొచ్చింది.

తెనాలి దగ్గర గుడివాడ అని ఒక పల్లె. పేరు వినగానే అందరికీ కృష్ణా జిల్లా గుడివాడే మెదులుతుంది గానీ, ఇది గుంటూరు జిల్లాది. ఆ ఊళ్లో ఒక గుడిసెలో కర్రె మస్తానమ్మ ఉండేది. వయసు నూట అయిదు. చూపు మందగించింది, నడుం వంగింది. అయినా తన పొయ్యి తనదే, తన కూడు తను వండుకోవలసిందే. కుర్రాళ్లు ఆమె ఎదుట కెమెరా పెట్టి వంకాయ కూర చెయ్యమన్నారు. చేసింది. ఎప్పుడూ చేసినట్టే చేసింది. చూసినవాళ్ల లెక్క వేల మీద వేలు పెరుగుతూ పోయింది. వాళ్ల 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌కు వంటమనిషి దొరికింది.

తెలుగునాట టీవీ వంటలంటే అప్పటికి ఒక పద్ధతి స్థిరపడి ఉంది. ఈటీవీ 1995లో మొదలైంది. దాని 'అభిరుచి' చూసి వంట నేర్చుకున్న కోడళ్లు ఇప్పుడు అత్తలయ్యారు. అంతకు రెండేళ్ల ముందే జీ టీవీలో సంజీవ్ కపూర్ 'ఖానా ఖజానా' హిందీ ఇళ్లల్లోకి వెళ్లింది. ఎక్కడ చూసినా తెర మీద కనిపించేది ఒకటే. నున్నటి గట్టు, గ్యాస్ స్టవ్, చిన్న చిన్న గాజు గిన్నెల్లో ముందే తరిగి, కొలిచి, వరసగా సర్దిపెట్టిన దినుసులు. ఉల్లిపాయ తరిగేటప్పుడు కారే కన్నీళ్లు ఎవరివో మనకు కనపడవు. పొగ ఉండదు. వంట చేసే ఆవిడ పట్టుచీర మీద చుక్క నూనె పడదు.

మస్తానమ్మ వంట పొలం గట్టు మీద. మూడు ఇటుకలు, ఎండుపుల్లలు, మంటను అటూ ఇటూ లాగే గాలి. కింద గొంతుక్కూచుని, మోకాళ్ల మీద చీర సర్దుకుని పని మొదలుపెడుతుంది. అల్లం చేతికిస్తే బొటనవేలి గోటితో పొట్టు గీకేస్తుంది. అల్లం మెలికలు తిరిగి ఉంటుంది కదా, కత్తితో చెక్కితే పొట్టుతోపాటు గుజ్జూ పోతుంది. ఆమె గోరు మటుకు సందుల్లోకి వెళ్లి పైపొరను మాత్రమే లేపుతుంది. టమాటాను పిడికిట్లో పట్టి వేళ్లతోనే చీల్చి చట్టిలోకి జార్చేస్తుంది. రసం కూడా అందులోనే పడుతుంది, ఒక్క బొట్టు వృథా పోదు. ఆ చేతులు తడుముకోవు. కళ్లు సరిగ్గా కనపడని మనిషి ఉప్పు చిప్పలోకి చెయ్యి పెట్టి, ఎంత తియ్యాలో అంతే తీసి, విసిరినట్టు వేస్తుంది.

లోకం మురిసింది దీనికే. నూట అయిదేళ్ల ముసలమ్మ కత్తి లేకుండా వంట చేస్తుంటే ముచ్చటపడింది. మేమంతా చూస్తున్నప్పుడు మా ఊరు సదుంలో మా మేనత్త కూడా ఫోను పక్కన చేరింది. ఆవిడ మటుకు ముచ్చటపడలేదు.

"ఆయమ్మ కత్తి పట్టదా మే?"

"లేదత్తా, అన్నీ గోటితోనే."

"మడికాడికి కత్తిపీట ఎవురు మోసకపోతారు మే? మేమూ అంతే గదా చేసింది."

ఆ ఒక్క మాటతో వీడియో వేరేగా కనపడడం మొదలైంది. అది విద్య కాదు, కూలిపని నేర్పిన అలవాటు. నాట్లకో కలుపుకో పోయిన ఆడమనిషి మధ్యాహ్నం గట్టు మీద నాలుగు పుల్లలు ఏరి పొయ్యి పెట్టుకుంటే, ఆమె దగ్గర ఉండేది ఒక చట్టి, మూటలో ఉప్పూ కారం, రెండు చేతులు. తక్కినవన్నీ వాటితోనే గడవాలి. మస్తానమ్మ బతుకంతా వ్యవసాయ కూలీగానే గడిచింది. ఆమె వంటలో మనకు వింతగా తోచేదంతా ఆ గట్టు మీద నుంచి వచ్చిందే.

ఆమె బతుకు లెక్క ఇంట్లోవాళ్లు చెప్పుకున్నది: 1911 ప్రాంతంలో, తెనాలి చుట్టుపక్కల కోపల్లెలో పుట్టింది. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక కాలవలు పారి ఆ నేలంతా వరిమాగాణి అయింది. మా సదుం వైపు చెరువు నిండితే పండగ, లేకపోతే రాగి, సెనక్కాయే దిక్కు. అటు తెనాలి సీమలో కాలవ నీటికి కొదవ లేదు. నీళ్లున్నచోట భూములున్నవాళ్లు బాగుపడ్డారు. భూమి లేనివాళ్లకు ఎటూ రెక్కలకష్టమే. మస్తానమ్మను గుడివాడలోని ఒక ముస్లిం కుటుంబం తెచ్చి పెంచుకుంది. మస్తాన్ అనే పేరు గుంటూరు వాళ్లకు కొత్తది కాదు. గుంటూరులో మస్తాన్ దర్గా ఉంది, ఆ పేరు హిందువులూ పెట్టుకుంటారు, క్రైస్తవులూ పెట్టుకుంటారు. ముస్లిం ఇంట పెరిగిన మస్తానమ్మ కొడుకు పేరు డేవిడ్. ఆ జిల్లాలో దీన్ని ఎవరూ విడ్డూరంగా చెప్పుకోరు.

పదకొండో ఏట పెళ్లి. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1929లో గానీ రాలేదు, వచ్చినా కనీస వయసు ఆడపిల్లకు పద్నాలుగే. మస్తానమ్మ మెడలో తాళి పడి అప్పటికి ఏడేళ్లు. ఇరవై రెండో ఏట భర్త పోయాడు. చేతిలో ఐదుగురు పిల్లలు.

ఆ ఐదుగురిలో నలుగురు కలరాకు పోయారు.

కలరా ఎట్లా చంపుతుందో ఈ తరానికి తెలియదు, తెలియకపోవడమే మేలు. కడుపు కడిగేసినట్టు నీళ్ల విరేచనాలు. పొద్దున బాగున్న పిల్ల సాయంత్రానికి కళ్లు లోపలికి పోయి, తోలు ముడతలు పడి, గొంతు పీల్చుకుపోయి ఉంటుంది. ప్రాణం తీసేది సూక్ష్మజీవి అనుకుంటాం గానీ, నిజానికి ప్రాణం తీసేది ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ. పోయినదాన్ని పోయినట్టు మళ్లీ ఒంట్లోకి పంపితే మనిషి బతుకుతుంది. రక్తనాళంలోకి సెలైన్ ఎక్కిస్తే సరే, ఆసుపత్రి లేని పల్లెలో ఏం చెయ్యాలి? నోటి ద్వారా ఇస్తే చాలునని, అయితే వట్టి నీళ్లు పనికిరావని, ఉప్పుకు చక్కెర తోడైతేనే పేగు నీళ్లను పీల్చుకుంటుందని తెలియడానికి 1960 దశకం రావలసి వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, రోగుల తాలూకు మనుషుల చేతే తాగించాడు. నూటికి ముప్ఫై మంది చనిపోతున్న చోట ఆ సంఖ్య మూడు దగ్గరికి దిగింది.

ఇప్పుడు ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెప్తుంది. లీటరు శుభ్రమైన నీళ్లు, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. వంటింట్లో లేనిది ఇందులో ఏదీ లేదు. చేతి అంచనాతో వందల వంటలు చేసిన మస్తానమ్మకు, కొలిచి చెయ్యవలసిన ఈ ఒక్కటి ఆ రోజుల్లోనే ఎవరైనా చెప్పి ఉంటే? చెప్పేవాళ్లు లేరు, చెప్పడానికి అప్పటికి ఎవరికీ తెలియదు. ఐదుగురిలో డేవిడ్ మిగిలాడు. కొడుకును చంకనేసుకుని ఆమె మళ్లీ పొలం పనికి పోయింది.

ఇదే కాలంలో ఇంకో చోట ఇంకో ఆడమనిషి సంగతి చూడండి. అమెరికాలో జూలియా చైల్డ్ పుట్టింది 1912లో. మస్తానమ్మకు ఒక్క ఏడాది చిన్న. కలిగినవాళ్ల బిడ్డ, కాలేజీ చదువు. ముప్ఫై ఏడో ఏట పారిస్‌లో కార్డాన్ బ్లూ అనే పేరుమోసిన వంటబడిలో చేరింది. 1961లో ఫ్రెంచి వంటల మీద ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పెద్ద పుస్తకం తెచ్చింది. 1963లో బోస్టన్ టెలివిజన్‌లో వంట చేసి చూపించడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై. ఆ వయసులో తెర మీదికి రావడం సాహసమని అమెరికా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2004లో, తొంభై రెండు నిండడానికి రెండు రోజుల ముందు ఆమె కన్నుమూసింది. మస్తానమ్మ తొలి వీడియోకు అప్పటికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. యూట్యూబే ఇంకా పుట్టలేదు.

మన భాషలో వంట పుస్తకం అనగానే మాలతీ చందూర్. అప్పటి కృష్ణా జిల్లా నూజివీడు అమ్మాయి, మద్రాసులో కాపురం. 'ఆంధ్రప్రభ'లో 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాల పాటు నడిపింది. నవలలు రాసింది, 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంత రాసినా, చదువు అంతంతమాత్రమైన ఇళ్లల్లో కూడా ఆమె పేరు తెలియడానికి కారణం 'వంటలు-పిండివంటలు'. ముద్రణ మీద ముద్రణ పడుతూనే వచ్చింది. ఉద్యోగం ఊళ్లు మారుస్తున్న రోజుల్లో, అమ్మకు దూరంగా కొత్త కాపురం పెట్టిన పిల్లకు ఆ పుస్తకం అక్కరకొచ్చింది. ఎన్ని చెంచాలు, ఎంతసేపు, ఏది ముందు, ఏది వెనక అన్నది అచ్చులో చదువుకుని పొయ్యి వెలిగించుకున్న తరం అది. దాని విలువ నేను తగ్గించి చెప్పను. అయితే కొలత అన్నది కొలిచి కొనుక్కోగలిగే ఇంటికి. నెల సరుకులు డబ్బాల్లో ఉన్నప్పుడు చెంచా లెక్క కుదురుతుంది. ఏ పూట కూలి ఆ పూట తెచ్చుకునే ఇంట్లో పప్పు ఎంతుంటే అంతకు తగ్గట్టు నీళ్లు, నీళ్లకు తగ్గట్టు పులుపు. మస్తానమ్మ పుస్తకం రాయలేదు, రాయించలేదు. రాయించినా దాన్ని అచ్చు వెయ్యడం కష్టమయ్యేది. ఆమె వంటలో చెంచా అనే మాటకు చోటు లేదు.

ఆమెను ప్రపంచం చూసేలా చేసింది ఒక వ్యాపార నిర్ణయం కూడా. ఛానల్ 2016 ఆగస్టులో మొదలైంది. ఆ సెప్టెంబరు 5న జియో వచ్చింది, నెలల తరబడి డేటా ఉచితం. అంతకుముందు ఫోనులో వీడియో చూడాలంటే బ్యాలెన్సు ఎక్కడ అయిపోతుందోనని గుండె దడ. మా వైపు టమాటా కాయలు క్రేట్లకెత్తి మదనపల్లె మార్కెట్టుకు పంపి, లారీ కదిలాక చెట్టు కింద కూర్చున్న కుర్రాళ్లు కూడా ఆ రోజుల్లో వీడియో మీద వీడియో చూడసాగారు. పట్నంలో చదువుకునే పిల్లలకు, అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఒంటరిగా ఉన్నవాళ్లకు పల్లెటూరి పొయ్యి ఒక్కసారిగా అరచేతిలోకి వచ్చింది. తెలుగు రానివాళ్లూ చూశారు. అల్లం పొట్టు తియ్యడం అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

ఇక పుచ్చకాయ కోడికూర. ఛానల్‌కు ఎనలేని పేరు తెచ్చిన వీడియో అది. పుచ్చకాయ పైభాగం కోసి, లోపలి గుజ్జు తోడేసి, మసాలా పట్టించిన కోడిముక్కలు నింపి, మూత పెట్టి మంట మీద ఉడికించడం. చూసినవాళ్ల సంఖ్య కోటి దాటింది. ఈము గుడ్డుతో చేసిన వంటకూ బాగా పేరొచ్చింది. చూడడానికి తమాషాగానే ఉంటాయి, నేనూ చూశాను. కానీ ఒక సంగతి చెప్పాలి. ఈము ఆస్ట్రేలియా పక్షి, మన రైతులు లాభాలొస్తాయని పెంచి చేతులు కాల్చుకున్న పక్షి. తెనాలి కూలింటి వంటతో దానికేం చుట్టరికం? పుచ్చకాయలో కోడి కుక్కడం కుర్రాళ్ల బుర్రలో పుట్టిన ఆలోచనలాగే నాకు కనపడుతుంది. ఆమె పనితనం తెలియాలంటే చేపలు, పీతలు, రొయ్యలు, వంకాయ చేసిన వీడియోలు చూడాలి. కాలవల నేల మీద పుట్టిన మనిషి పీతను పట్టుకునే తీరు వేరు. ఎక్కడ విరిస్తే డొప్ప ఊడుతుందో ఆ వేళ్లకు తెలుసు. చేపకు ఉప్పూ పసుపూ రుద్ది కడిగేటప్పుడు ఆమె మొహంలో ఇష్టం కనపడుతుంది. ఈము గుడ్డు ముందు అది కనపడదు. ఇది నా మాట, కాదనేవాళ్లు ఉంటే ఉండొచ్చు.

మునిమనవడిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వింత లేకపోతే జనం రారు, జనం రాకపోతే వంకాయ కూర కూడా ఎవరికీ తెలియదు. ఆ లెక్క ఆ కుర్రాళ్లకు బాగా తెలుసు. పైగా ఆమెను వేషం మార్చమనలేదు. గుడిసె గుడిసెలాగే ఉంది, నేత చీర నేత చీరలాగే ఉంది. వండింది పక్కనున్నవాళ్లకు ఆకుల్లో వడ్డించడంతో వీడియో అయిపోయేది. తినేవాళ్ల మొహాల వంక ఆమె చూసే చూపులో వంట బాగా కుదిరిందని ముందే తెలిసిన ధీమా ఉంటుంది. పొగడ్త కోసం ఎదురుచూసే చూపు కాదది.

పత్రికలు, టీవీలు ఊళ్లోకి వచ్చాయి. దేశదేశాల విలేఖరులు ఆమె గురించి రాశారు. చందాదారులు పన్నెండు లక్షలు దాటారు. ఈ అంకెలు ఆమెకు ఎంతవరకు పట్టాయో గానీ, ఆమె దినచర్యలో మార్పు రాలేదు. నూట ఆరో ఏట కూడా పొయ్యి ముందు గొంతుక్కూచుని గంటసేపు లేవకుండా వండింది. మనలో నలభై దాటినవాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడొచ్చు, మోకాళ్లు జవాబు చెబుతాయి.

2018 డిసెంబరు 2న మస్తానమ్మ కన్నుమూసింది. నూట ఏడేళ్లు అన్నారు. న్యూయార్క్ టైమ్స్ ఆమె మరణవార్త వేసింది. గుంటూరు జిల్లా కూలి మనిషి గురించి ఆ పత్రికలో అంత రాయడం మామూలు విషయం కాదు. ఛానల్ వాళ్లు అంత్యక్రియలను కూడా వీడియో తీసి పెట్టారు. చావును ప్రదర్శనకు పెట్టాలా అని అప్పట్లో నాకు చిరాకు కలిగింది. ఇప్పుడు అంత ఖరాఖండిగా అనలేను. వంట చూసినవాళ్లు లక్షల మంది ఆమెను తమ ఇంటి ముసలమ్మే అనుకున్నారు. చావుకబురు చెప్పవలసినవాళ్లలో వాళ్లూ చేరారు.

ఆమె వెనకే ఇంకో పెద్దాయన. తెలంగాణలో 'గ్రాండ్‌పా కిచెన్' నారాయణరెడ్డి 2017 నుంచి పెద్ద పెద్ద గుండిగల్లో వండి అనాథ పిల్లలకు పెట్టాడు. 2019 అక్టోబరులో ఆయనా పోయాడు. ఆ తర్వాత పల్లెటూరి వంటల ఛానళ్లు లెక్కలేనన్ని వచ్చాయి. కొన్ని బాగుంటాయి. కొన్నింటిలో కొత్తగా పూసిన ఎర్రమట్టి, కొత్త కుండ, ఇస్త్రీ మడత నలగని నేత చీర, ఎప్పుడూ పొలం ముఖం చూడని చేతులు. మా మేనత్త అట్లాంటివి రెండు నిమిషాలు కూడా చూడదు. పుల్లలు ఎట్లా పేర్చారో చూసి, వాళ్లు పొయ్యి ఎరుగుదురో లేదో చెప్పేస్తుంది.

మస్తానమ్మ వీడియోలు నెట్లో ఉన్నాయి. వంకాయ కూర చేసి చూడదలచుకున్నవాళ్లు కొలతల కోసం వెతక్కండి, ఉండవు. ఉప్పు తీసేటప్పుడు వేళ్లు ఎంతవరకు ముడుచుకున్నాయో చూడాలి. కారం వేశాక మంట ఎక్కువైతే ఆమె నీళ్లు పొయ్యదు, కిందనుంచి ఒక పుల్ల వెనక్కి లాగుతుంది. అది గమనించాలి. మీది గ్యాస్ స్టవ్ అయితే ఆ క్షణాన సిమ్ములో పెట్టుకోండి. మాది పుల్లల పొయ్యి కాబట్టి మాకు ఆ ఇబ్బంది లేదు. ఒకటే తేడా, మా అత్త చింతపులుసు కాస్త ఎక్కువ పోస్తుంది. గుంటూరు వాళ్లకు పులుపు చాలదని ఆవిడ నమ్మకం.